గుడి పళ్ళెం కోసం ఆగిన రెండు రోజులు

మొన్న ఆదివారం మా ఊరి సంఘం కుర్రవాళ్ళు ఇద్దరు సూర్యాపేటలో నేనుండే ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, పాత గుడి తీసి కొత్తది కడుతున్నామనీ, గుడి చరిత్ర పుస్తకంగా వేస్తున్నామనీ, పాత సామాను సంగతులు చెప్పడానికి నేను తప్ప ఇంకెవరూ మిగల్లేదనీ అన్నారు. ఫోన్లో ఒక్కొక్క ఫోటో చూపిస్తుంటే బలిపీఠం గురించి చెప్పాను, ప్రసంగ పీఠం గురించీ చెప్పాను. బాప్తిస్మపు పళ్ళెం కనబడేసరికి మాత్రం నా నోరు పడిపోయింది. పెద్దావిడ అలసిపోయిందనుకుని, పాపం, టీ తాగి వెళ్ళిపోయారు. వాళ్ళకు చెప్పలేనిది, ఆ రోజులు చూసిన నా ఈడువాళ్ళైన మీకైతే చెప్పుకోగలను.

గరిడేపల్లి దాటి హుజూర్‌నగర్ వైపు పోతుంటే వచ్చే చిన్న ఊరు మాది. మా లూథరన్ గుడి మొదట మట్టిగోడలు, తాటాకు కప్పు. నాకు ఊహ తెలిసేసరికి పెంకులు వేశారు. గంట అంటే వేపకొమ్మకు వేలాడే రైలుపట్టా ముక్క. బల్లలు లేవు, ఆడవాళ్ళొక వైపు, మగవాళ్ళొక వైపు ఈతచాపల మీద కూర్చునేవాళ్ళం. బలిపీఠం మీద పరిచే గుడ్డ పండుగను బట్టి మారేది, ఈస్టరుకు ముందొచ్చే శ్రమల కాలంలో ఊదారంగు గుడ్డ చూడగానే ఇక నలభై రోజులు ఇంట్లో మాంసం ఉండదని పిల్లలందరికీ బెంగ పట్టుకునేది. పాస్టరు అయ్యగారు మిర్యాలగూడలో ఉండి నెలకొకసారి బండి మీద వచ్చేవారు. మిగతా ఆదివారాలు గుడి నడిపేది ఉపదేశి, అంటే మా నాయన.

గుడికంతటికీ విలువైనది ఆ ఇత్తడి పళ్ళెమే. గుడి కట్టినప్పుడు ఊళ్ళోని ఆడవాళ్ళంతా తలా ఒక ఇత్తడి వస్తువు ఇచ్చారట. పగిలిన గంగాళం ఒకరు, సొట్టపోయిన గ్లాసు ఒకరు, మా నాయనమ్మ ఏకంగా పెళ్ళినాటి చెంబు. కంచరి అవన్నీ కరిగించి ఒక్క పళ్ళెంగా పోశాడు. ఊళ్ళో ఏ బిడ్డకు బాప్తిస్మమైనా అందులోని నీళ్ళే తల మీద పడాలి. శనివారం దాన్ని చింతపండుతో తోమే పని నాయన ఎవరికీ ఇచ్చేవాడు కాదు, చివరికి అమ్మకు కూడా.

అదే నాయన సాయంత్రాలు మాకు మతబోధ ప్రశ్నోత్తరాలు వల్లె వేయించేవాడు. ప్రాణం మీదికొచ్చి, అయ్యగారు అందుబాటులో లేకపోతే, విశ్వాసులు ఎవరైనా, ఏ నీళ్ళతోనైనా బాప్తిస్మం ఇవ్వవచ్చునని అందులో ఒక జవాబు. తొమ్మిదేళ్ళకే ఆ మాటలూ, బాప్తిస్మమిచ్చే మాటలూ నాకు పొల్లుపోకుండా వచ్చేవి. నాయన నన్ను నలుగురిలో నిలబెట్టి చెప్పించి మురిసిపోయేవాడు, నేనూ తక్కువ నీలిగేదాన్ని కాదు.

పోలీసు యాక్షన్‌కు ముందరి గడబిడ రోజులు మీకు వేరే చెప్పాలా. ఊళ్ళు దోపిడీ అవుతుంటే, నెలలు నిండిన అమ్మను బండిలో పడుకోబెట్టుకుని కోదాడలో అమ్మమ్మ ఇంటికి చేరాము. బయలుదేరే ముందు నాయన పళ్ళేన్ని చాపలో చుట్టి మా పెంటకుప్ప కింద పాతిపెట్టాడు. అక్కడైతే ఎవరూ చెయ్యి పెట్టరని ఆయన ధైర్యం.

కోదాడ చేరిన వారానికి తమ్ముడు పుట్టాడు. ముగ్గురు ఆడపిల్లల తర్వాత మగపిల్లవాడు. తొమ్మిదో రోజు నుంచి పాలు తాగడం మానేశాడు, ఒళ్ళు పచ్చబడింది. అయ్యగారు ఎటు వెళ్ళారో తెలియదు. నాయనే బాప్తిస్మం ఇవ్వాలని ఇంట్లో అందరూ అన్నారు, ఆయనా ఇస్తాననే అన్నాడు. కానీ అమ్మమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి ముందు పెడితే ఆ చెంబు వైపు చూస్తూ ఉండిపోయాడు.

"ఊళ్ళె పిల్లలందరికి గుడి పళ్ళెంల ఇచ్చి, నా కొడుక్కి చెంబునీళ్ళు చల్లుతనా? రేపు పొద్దుగూకేవరకు తెస్త," అని కండువా దులుపుకుని నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

మొండితనం అందామా, భక్తి అందామా? ఇన్నేళ్ళు ఆలోచించినా నాకు తేలలేదు. దారిలో చంపినా అడిగే దిక్కులేని రోజుల్లో కొడుకు కోసమే అంత దూరం నడిచాడు, అదైతే నిజం.

మర్నాడు మధ్యాహ్నానికి పిల్లవాడు ఎగశ్వాస పడుతున్నాడు. అమ్మమ్మ వైద్యుడి కోసం పరుగెత్తింది. అమ్మకు చదువు రాదు, ఒక్క మాట తప్పు పోయినా ఆ బాప్తిస్మం చెల్లదని ఆమె భయం. నన్ను దగ్గరికి పిలిచి, "నీకు అన్నీ వచ్చు గదా బిడ్డా, నువ్వే జరన్ని నీళ్ళు పొయ్యి," అంది.

చెంబు చేతికి తీసుకున్నాను. మాటలన్నీ నాలుక మీదే ఉన్నాయి. ఆడపిల్లను, గుడి కాదు, పళ్ళెం లేదు, నాయన వచ్చి కోప్పడితే ఎట్లా అని చెంబు కింద పెట్టేశాను. "నాయన వస్తుండు అమ్మా, జరసేపు ఆగు," అన్నాను. అమ్మ మళ్ళీ అడగలేదు. కాసేపటికి, ఆమె ఒళ్ళోనే, వాడు ఊపిరి ఆపేశాడు.

దీపాల వేళకు నాయన వచ్చాడు. కాళ్ళు బొబ్బలెక్కి, చంకలో చాపచుట్ట. వాకిట్లోనే మా మొహాలు చూసి తెలుసుకున్నాడు. బావి దగ్గర కూర్చుని, మట్టిపట్టిన ఆ పళ్ళేన్ని కడుగుతూనే ఉన్నాడు. అమ్మ ఆయన్ని ఒక్క మాట అనలేదు. నా సంగతి ఆయనకు ఎన్నడూ చెప్పలేదు.

గడబిడ సద్దుమణిగాక ఊరికి వచ్చాము. పళ్ళెం మళ్ళీ గుడిలోకి వెళ్ళింది, ఎందరో పిల్లలకు అందులో నీళ్ళు పోశారు. నాయన అయ్యగారి పక్కన దాన్ని పట్టుకుని నిలబడేవాడు, నీళ్ళు తొణుకుతుండేవి. ప్రశ్నోత్తరాలు చెప్పించడం మానలేదు గానీ, ఆ ఒక్క ప్రశ్న మాత్రం ఆయన చనిపోయేదాకా ఏ పిల్లలనూ అడగలేదు. పుస్తకంలో ఏమని రాయించను? ఉపదేశి ప్రాణాలకు తెగించి గుడి పళ్ళేన్ని కాపాడాడనేనా? అందులో అబద్ధం లేదు.

ఈ కాలంలో బిడ్డ కడుపులో ఉండగానే పేరు వెతికి పెట్టుకుంటున్నారు, పుట్టిన గంటలో ఫోటోతో సహా ఆ పేరు అందరి ఫోన్లకూ చేరుతోంది. చుట్టాలకు సెలవులు కుదిరేదాకా బాప్తిస్మం నెలల తరబడి ఆగుతోంది, ఎవరికీ ఆదుర్దా లేదు. పిల్లలు బతుకుతున్నారు, అంతకన్నా కావలసిందేముంది. మా ఇళ్ళల్లో అప్పుడు నీళ్ళు పడేదాకా పిల్లవాడి పేరు పైకి పలికేవాళ్ళు కాదు, తల్లీ తండ్రీ అనుకుని మనసులో దాచుకునేవాళ్ళు. తమ్ముడికీ ఒక పేరు అనుకునే ఉంటారు. నాయన పోయాక అమ్మ ఇరవై ఏళ్ళు నా దగ్గరే ఉంది. ఏ పూట అడిగినా చెప్పేది. ఆ చెంబు కింద పెట్టేసిన దాన్ని, ఏ మొహంతో అడగను? అమ్మ వెళ్ళిపోయింది. వాడి పేరేమిటో నాకు తెలియదు.