తోక లేని బల్లి

రియాద్‌లో సులై దగ్గర ఇత్తడి, కంచు పోతపోసే వర్క్‌షాపులో నేనూ, జగిత్యాల నుంచి వచ్చిన ఒక అన్నా పనిచేసేవాళ్లం. మేం పోసేవి తలుపు హ్యాండిళ్లు. సౌదీలను సరిపడా పనిలో పెట్టుకోలేదని నితాఖాత్ చట్టం మా షాపును ఎరుపు జాబితాలో పడేసింది. మా ఇద్దరిలో ఒక్కరి ఇఖామాయే, అంటే అక్కడ ఉండనిచ్చే పర్మిటే, రెన్యువల్ చేయించగలనన్నాడు మా వీసాల యజమాని కఫీల్. ఎవరిదో చెప్పలేదు.

ఆ వారమే ఒక సౌదీ గిరాకీ ఫోన్లో కంచు కప్ప ఫోటో చూపించాడు. ఐదు వందల ఏళ్ల కింద ఇటలీలో పోసిందట. చచ్చిన కప్పకే మట్టి పూసి, కాల్చి, బూడిద దులిపి, ఆ ఖాళీలో కంచు పోశారట. ఒంటిమీది బొడిపెలతో సహా దిగింది. తనకు అట్లాగే బల్లి కావాలన్నాడు. కఫీల్‌కు దారి దొరికింది. ఎవరి బల్లి నచ్చితే వాడుంటాడన్నాడు. అన్న పదహారేళ్లు కొలిమి దగ్గర నిలబడ్డ మనిషి. ఆయన బతుకును తీసుకెళ్లి బల్లికి అప్పజెప్పాడు కఫీల్, మహానుభావుడు!

బల్లిని చంపితే పాపం. ఆ నమ్మకంలో మా ఇద్దరికీ తేడా లేదు. కాబట్టి అవి వాటంతట అవి చచ్చేదాకా ఆగాం. ఎన్నడూ లేనిది, మేముండే క్యాంపులో బల్లులన్నీ మహా ఆరోగ్యంగా తిరిగాయి. నాలుగో రోజు వంటగది తలుపులో ఒకటి నలిగింది. అది నాకు. ఏసీ వెనక ఇంకోటి చచ్చి దొరికింది. అది అన్నకు.

అన్న బల్లి గోళ్లతో సహా వచ్చింది. నా దాంట్లో గాలి పోయే సందు పెట్టడం మరిచాను. కంచు తోకలోకి పారలేదు. అచ్చు పగలగొట్టి అన్న ముందే ఏడ్చాను. ఇంటికి ఫోన్ చేసి వచ్చేస్తున్నానని కూడా చెప్పాను.

మర్నాడు రావాల్సిన గిరాకీ ఆ సాయంత్రమే దిగాడు. నా బల్లినెత్తి, తోక లేని చోట వేలితో తడిమాడు. భయపడ్డ బల్లి తోక వదిలేస్తుంది, ఇది బల్లిని నిజంగా చూసినవాడి పని అన్నాడు. తోక నా పొరపాటు వల్లే పోయిందని నేను చెప్పలేదు. అందుకు నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటాను.

అన్నకు ఇక తిరిగి రాకుండా ఫైనల్ ఎగ్జిట్ కొట్టారు. వెళ్లే రోజు జేబులోంచి గుడ్డపేలిక తీసి నా చేతిలో విప్పాడు. కంచు తోక.

"నీ దానికి అతికిద్దామని మైనంతోని చేసి పోసిన తమ్మీ. ఆయన ఒక దినం ముందే వచ్చిండు," అన్నాడు.

బల్లి గిరాకీ ఇంట్లో ఉంది. తోక నా దగ్గరుంది. ఆ ఇఖామా మీద నేను ఇంకో నాలుగేళ్లు తలుపు హ్యాండిళ్లు పోశాను.