తలుపుకి కట్టిన పలుపు

నేను జాకెట్లు కుట్టే మనిషిని. టేపు పెట్టి కొలిచిందే నమ్ముతాను. దయ్యం పట్టింది, గాలి సోకింది అని ఎవరైనా మొదలుపెడితే నాకు ఒళ్ళు మంట. "కడుపునిండా తిని పడుకోండమ్మా, అన్నీ అవే పోతాయి" అని మొహం మీదే అనేస్తాను. అలాంటి నేనే ఇది చెప్పాల్సొచ్చింది. నవ్వేవాళ్ళు నవ్వండి, నేనేం అనుకోను.

నేను పుట్టింది తెనాలి. మెట్టింది బాపట్ల వైపు, నగరం అనే ఊరి పక్కన పల్లె. మేనత్త కొడుకునే చేసుకున్నాను కాబట్టి అత్తయ్యే అత్తగారైంది, బావే మొగుడయ్యాడు.

తెనాలిలో తుఫానంటే మాకు బడికి సెలవు. ఇక్కడికొచ్చాకే తుఫానంటే చాకిరీ అని తెలిసింది. రేడియోలో వాయుగుండం అన్న మాట వినపడితే చాలు, అత్తయ్య కొంగు బిగించేది. బిందెలన్నీ నింపించేది. అగ్గిపెట్టెలు చెమ్మ తగలకుండా బియ్యం డబ్బాలో దాచేది. పిడకలూ ఎండు పుల్లలూ అటకెక్కేవి. లాంతరు చిమ్నీ బూడిదతో తుడిచి తళతళలాడించేది. ఆ తర్వాత తీరుబడిగా కూర్చుని బాణలి నిండా వేరుశనక్కాయలు వేయించేది.

"ఏంటత్తయ్యా, పెళ్ళికా ఇవన్నీ?" అంటే, "తుఫానుకి మర్యాద చెయ్యకపోతే ఇంటికప్పు పట్టుకుపోద్దే" అనేది.

గాలి మొదలయ్యాక అందరం మధ్యగదిలో చేరి చింతపిక్కలతో అష్టాచెమ్మా ఆడేవాళ్ళం. ఆవిడ పట్టపగలే దొంగాట ఆడేది. పట్టుకుంటే ఒప్పుకునేది కాదు, పైగా నన్నే కేకలేసేది. బయట చెట్లు విరుగుతుంటే లోపల మేము కడుపు చెక్కలయ్యేలా నవ్వేవాళ్ళం. వేయించిన వేరుశనక్కాయల వాసన తగిలితే నాకిప్పటికీ ఆ గదే గుర్తొస్తుంది.

అన్ని పనులూ అయ్యాక ఆఖరి పని మాత్రం ఎవర్నీ చెయ్యనిచ్చేది కాదు. గొడ్ల చావిడికి వెళ్ళి గేదె మెడలో పలుపు విప్పేది. ఆ పలుపే తెచ్చి వీధి తలుపు రెండు రెక్కల గొళ్ళేలనీ కలిపి లోపలి నుంచి కట్టేది. "తుఫాను నాడు గొడ్డుకి కట్టు ఉండకూడదే. తలుపుకి ఉండాలి. ఎటు పోవాలో గొడ్డుకి తెలుసు, మనిషికే తెలవదు" అనేది.

ఆవిడ భయానికి కారణం ఉంది. పెద్ద తుఫాను మధ్యలో ఒక్కోసారి గాలి ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఎండ కూడా రావచ్చు. గండం గడిచిందిలే అని జనం బయటికొస్తారు. అప్పుడు అవతలి వైపు నుంచి తిరిగి కొడుతుంది. మా మామయ్య అలాగే, గాలి ఆగిందని గేదెను విప్పడానికి చావిడికి వెళ్ళాడు. చావిడి మీద పడింది. అప్పటికి బావ చంటిపిల్లాడు. ఆ తర్వాత ఆవిడ ఏ తుఫానులోనూ తలుపు కట్టకుండా కూర్చోలేదు.

ఆ పలుపు కూడా ఆవిడ పేనిందే, జనపనారతో. గేదె మెడ ఒరుసుకోకుండా తన నెమలికంఠం రంగు చీర అంచు చింపి చుట్టి, చేత్తో కుట్టింది. వంకరటింకర కుట్టు. నేను మిషను మీద కుట్టిస్తానన్నా వినలేదు. ఆవిడ పోయాక కూడా మేము వేరే తాడు కొనలేదు. అది చూస్తే ఆవిడ ఇంట్లో ఉన్నట్టే ఉండేది నాకు.

ఆవిడ పోయాక వచ్చిన మొదటి తుఫాను అది. మార్గశిర మాసం, కోతలు సగంలో ఉన్నాయి. బాపట్ల దగ్గర తీరం దాటుతుందని టీవీలో ఒకటే గోల, ఊళ్ళో మైకులు. బావ కోసిన చేను కుప్ప వేయించి పట్టాలు కప్పాడు. వడ్ల బస్తాలు పెరటి తలుపుకి అడ్డంగా పేర్చాడు. నేను బిందెలు నింపాను, అగ్గిపెట్టెలు బియ్యం డబ్బాలో పెట్టాను. వేరుశనక్కాయలు వేయించబోయి ఊరుకున్నాను. ఎవరి కోసం?

పొద్దున నేనే గేదెకి గడ్డి వేశాను. చూడి గేదె, ఇవాళో రేపో ఈనేలా ఉంది. మెడలో పలుపు ఉంది. విప్పుదామంటే బావ ఒప్పుకోలేదు. "బరువు మీదున్న గొడ్డు. కాలవలో పడితే ఎవడు తీస్తాడు? అమ్మ కాలం కాదిది" అన్నాడు. గుంజకి రెండు ముళ్ళు అదనంగా వేసొచ్చాడు. నా కళ్ళతో చూశాను.

పక్కింటి మస్తాన్‌బీ పిన్నిది రేకుల ఇల్లు. ఆవిడ కూడా మా ఇంటికొచ్చింది. అత్తయ్యకి ప్రాణ స్నేహితురాలు. ఆవిడ లోపలికి రాగానే బావ వీధి తలుపేసి గడియ పెట్టాడు. తాడూ గీడూ ఏమీ కట్టలేదు. ముగ్గురం మధ్యగదిలో కూర్చున్నాం. ఆ తర్వాత ఎవరం వీధిగదిలోకి వెళ్ళలేదు.

ఈశాన్యపు గాలి ఇల్లు పీకేసేలా కొట్టింది. మధ్యాహ్నానికి, స్విచ్చి ఆపినట్టు ఆగిపోయింది. కిటికీ సందులోంచి వెలుతురు కూడా వచ్చింది. కాకి అరిచింది.

బావ దిగ్గున లేచాడు. "గేదె కట్టేసుంది. ఇప్పుడే విప్పొస్తా" అన్నాడు.

"వద్దు బావా, గాలి తిరుగుద్ది. మామయ్య..." అన్నాను. "ఒక్క నిమిషమే" అంటూ వెళ్ళిపోయాడు. వెనకాలే పరిగెత్తాను.

బావ తలుపు దగ్గర నిలబడిపోయాడు.

రెండు గొళ్ళేలనీ కలిపి పలుపు కట్టి ఉంది. మా గేదె పలుపే. నెమలికంఠం రంగు అంచు, వంకరటింకర కుట్టు. తడిసి నీళ్ళు కారుతోంది. దాని కింద గడప తప్ప గది అంతా పొడిగా ఉంది. గడియ వేసింది వేసినట్టే ఉంది.

"నువ్వు కట్టావా?" అని అరిచాడు బావ. నేనెక్కడ కట్టాను! కట్టాలంటే ముందు గేదె దగ్గరికి వెళ్ళాలి కదా. మస్తాన్‌బీ పిన్ని మోకాళ్ళు పట్టుకుంటూ వచ్చి చూసి, "యా అల్లా! ఇది మీ అమ్మ ముడేరా అబ్బాయ్" అంది.

బావ వినలేదు. ముడి పట్టుకుని గుంజాడు, పళ్ళతో లాగాడు. తడిసిన నార బిగుసుకుపోయింది. "కత్తిపీట తేవే!" అన్నాడు. కావాలనే మెల్లగా నడిచి వంటింట్లోకి వెళ్ళాను. ఏం చేయను, భయం.

కత్తిపీట చేతిలోకి తీసుకున్నానో లేదో, పడమటి గాలి వచ్చి గోడకి గుద్దుకుంది. మొదటిసారి కంటే ఘోరంగా. వెంటనే పెద్ద చప్పుడు. చావిడి పక్కనున్న నిద్రగన్నేరు చెట్టు కూలింది. చావిడి మీదే.

బావ గడప దగ్గరే కూలబడ్డాడు. రెండు చేతులతో ఆ పలుపు పట్టుకుని "అమ్మా" అన్నాడు. మా పెళ్ళయినప్పటి నుంచి ఆ మనిషి ఏడవడం నేను చూడలేదు.

సాయంత్రానికి గాలి పూర్తిగా తగ్గింది. పలుపు కోద్దామని వెళితే కత్తిపీట అక్కర్లేకపోయింది. బావ కొస పట్టుకుని కాస్త లాగితే ముడి ఊడి చేతిలోకొచ్చింది. చావిడి నేలమట్టమైంది. గేదె బడి వరండాలో నిలబడి నెమరేస్తోంది. మెడలో ఏమీ లేదు. మర్నాడే ఈనింది, పెయ్యదూడ.

ఎవరైనా దారినపోయేవాళ్ళు విప్పారేమో అన్నారు కొందరు. కావచ్చు. మరి మూసిన తలుపు లోపల కట్టిందెవరండీ? నాలో నేను ఎన్నిసార్లు కొలుచుకున్నా ఈ గుడ్డ అతకడం లేదు. దయ్యాలున్నాయని ఇప్పటికీ అనను. ఏం జరిగిందో మాత్రం నాకు తెలియదు.

మొన్న మళ్ళీ వాయుగుండం అన్నారు. ఈసారి బావే వెళ్ళి గేదెని విప్పి పలుపు తెచ్చాడు. కట్టబోతుంటే నేనే వద్దన్నాను. పలుపు గడప మీద పెట్టించి, బాణలి నిండా వేరుశనక్కాయలు వేయించాను. చింతపిక్కలు తీసి ముగ్గురికీ పంచి, నాలుగో వాటా పక్కన పెట్టాను. పిన్ని చూసి, ఆ వాటా ముందు గుప్పెడు వేరుశనక్కాయలు పెట్టింది.

తుఫాను ఒడిశా వైపు వెళ్ళిపోయింది. ఊరంతా ఊపిరి పీల్చుకుంది. పొద్దున్నే లేచి చూస్తే గడప మీద పలుపు పెట్టింది పెట్టినట్టే, పొడిగా ఉంది.

సంతోషించాల్సింది పోయి, దాని పక్కన కూర్చుని చాలాసేపు ఏడ్చాను.