ఫోన్ ఇంట్లో వదిలి సంతకెళ్లిన మా ఆయన

మాది అరకులోయ దగ్గర పల్లె. మా ఆయనకి షుగర్ పెరిగినప్పుడల్లా నింద నా వంట మీదే. రాగి అంబలి, సామల అన్నం తప్ప వేరే పెట్టని నన్ను బంధువులందరి ముందూ "ఇది ఒండిన కూడే నన్ను సంపేత్తంది" అనేవారు. నేను మర్నాడూ అదే అంబలి కాచేదాన్ని.

పోయినేడు డాక్టరుగారు ఆయన జబ్బకి సెన్సర్ అంటించారు. ఒంట్లో షుగర్ ఎంతుందో అది ఎప్పటికప్పుడు ఫోన్‌కి పంపుతుంది. ఓ శుక్రవారం ఆయన కావాలనే ఫోన్ ఇంట్లో వదిలేసి సంతకి వెళ్లారు.

సాయంత్రం తిరిగొచ్చేసరికి మా ఆడపడుచు వచ్చి ఉంది. ఆయన వెంటనే అందుకున్నారు. "మంచినీళ్లు తప్ప ఏటీ ముట్నేదు. అయినా కళ్లు తిరుగుతన్నాయి. అంతా దీని అంబలి సలవే!"

అంతలో అలమరలో ఫోన్ కీచుకీచుమని మొదలెట్టింది. ఫోన్ దగ్గర లేకపోయినా సెన్సర్ లెక్కలు దాచుకుని, దగ్గరకి రాగానే అప్పజెప్పేస్తుంది. డాక్టరుగారు ఆ మాట చెప్పినప్పుడు నేను విన్నాను, ఆయన వినలేదు. ఫోన్‌లో మధ్యాహ్నం నుంచి కొండెక్కిన షుగర్ గీతని ఆడపడుచుకి చూపించాను.

"ఏటన్నియ్యా, సంతలో ఏటి తిన్నావు?"

"రెండు జిలేబీలే..." అన్నారు తల దించుకుని.

ఆయనకి గ్లాసుడు అంబలి పోసి, ఆడపడుచు తెచ్చిన మైసూర్‌పాక్ ఆయన ఎదురుగానే కూర్చుని చప్పరిస్తూ తిన్నాను. క్షమించడం మంచిదని మా చర్చిలో చెబుతారు. నిజమే కావచ్చు. కానీ అంత తీపి నా జన్మలో తినలేదు.