పైడమ్మత్త పట్టుచీరకు కత్తెర

2023 మే నెల. గజపతినగరం మెయిన్ రోడ్డు మీద ఎరువుల దుకాణానికీ సెల్‌ఫోన్ రిపేరు షాపుకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది మా టైలరింగ్ షాపు. ఎంత ఇరుకంటే, కాస్త పుష్టిగా ఉన్న మనిషి కొలతలివ్వడానికి వస్తే నేను రోడ్డు మీదకొచ్చి నిలబడాలి. ఎనిమిదో తరగతిలో లెక్కల మాస్టారూ నేనూ ఒకరినొకరు భరించలేక విడిపోయాం. అప్పటినుంచీ మిషనే తొక్కుతున్నాను. ఆ మాస్టారి కూతుళ్ళ జాకెట్లు కూడా నేనే కుట్టాను, అన్నీ లెక్కగా సరిపోయాయి.

ఈ నాలుగైదేళ్ళుగా నా పనిలో సగం పాత చీరలకు కొత్త రూపం ఇవ్వడమే. అమ్మ చీరతో లాంగ్ ఫ్రాక్, అత్తగారి చీర అంచుతో కుర్తీ చేతులు, అలాంటివి. అన్నిటికంటే ఎక్కువ గిరాకీ రెడీ టు వేర్ శారీకి. అంటే కుచ్చిళ్ళు ముందే పోసి కుట్టేసి, నడుముకి బెల్టు వేసి, పమిట మడతలు కూడా కుట్టి ఇస్తాం. లంగాలా తొడుక్కుని, పమిట భుజం మీద వేసుకుంటే నిమిషంలో చీర కట్టినట్టే. చీర కట్టడం రాని ఆడపిల్లలకు అదొక వరం. వచ్చినవాళ్ళకు అదొక వేళాకోళం.

ఈ పనిలో ఒక చిక్కుంది. ఒకసారి ఒక పిల్ల వాళ్ళమ్మ పెళ్లిచీర తెచ్చి ఫ్రాకు కుట్టించుకుంది. మూడోరోజు వాళ్ళమ్మ వచ్చి, ఏమీ అనకుండా, మిగిలిన ముక్కలున్న సంచీ అడిగి ఒళ్ళో పెట్టుకుని నా స్టూలు మీద మధ్యాహ్నం దాకా కూర్చుంది. తిట్టినా బాగుండేది. ఆనాటి నుంచీ పాత పట్టుచీర వస్తే ముందు చీరను చూడను, తెచ్చిన మనిషిని చూస్తాను. బ్యాంకువాడు నోటును వెలుగులో పెట్టి చూసినట్టు.

ఆ మే నెలలో, మధ్యాహ్నం రెండు గంటలకు, కుక్కలు కూడా రోడ్డు మీద లేని వేళ, ఒకామె వచ్చింది. పాతికా ముప్ఫై మధ్య వయసు. బక్కపలచటి మనిషి. పేరు జ్యోతి అంది, ఊరు చెప్పలేదు. గుడ్డసంచీలోంచి బరంపురం పట్టుచీర తీసింది. వంగపండు రంగు, గోపురాల బొమ్మలున్న ఎర్రటి గుడి అంచు. చూడగానే నా చెయ్యి దాని మీదకు తనంత తానే వెళ్ళింది.

"రెడీ టు వేర్ సేసి ఇవ్వాలక్కా. గురువారానికల్లా కావాల."

"అలగే. నడుము సూపించు, టేపు ఏస్తాను."

"కొలత నేనే రాసుకొచ్చినాను. నడుము ముప్ఫై ఎనిమిది."

"ఎవులి నడుము?"

"నాదే."

నేను ఆమెను పైనుంచి కిందికి చూశాను. ఆమెలాంటి మనుషులు ఇద్దరు కలిసి నిలబడితే గాని ముప్ఫై ఎనిమిది రాదు. "నీ నడుముతో పాటు పక్కింటోళ్ళ నడుము గాని కలిపి కొలిసినావేటమ్మా?" అన్నాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. చీర కొంగు పట్టుకుని గుమ్మం వైపు చూసింది.

తర్వాత ఒక్కొక్కటే చెప్పింది. బిగింపు ఎడమ చేతివైపు రావాలి. హుక్కులు వద్దు, వెల్క్రో వెయ్యాలి. వెల్క్రో అంటే ఒకదానికొకటి అంటుకునే రెండు పట్టీలు, పిల్లల చెప్పులకు ఉంటాయి కదా, ఊడదీస్తే చర్రుమంటాయి.

"ఆ సప్పుడు మాత్రం రాకూడదక్కా."

"సప్పుడు వస్తే ఏటవుతాది?"

"పక్కనున్నోళ్ళకి వినపడతాది."

ఫోన్ నంబరు అడిగితే ఇవ్వలేదు. తనే వస్తానంది. చీర ఎవరిదని అడిగితే "మా అమ్మ ఇచ్చింది" అంది. ఆ మాట గుమ్మానికి చెప్పింది, నాకు కాదు. ఆమె వెళ్ళాక చీర బల్ల మీద పరిచి కూర్చున్నాను. కొలత తనది కాదు. నంబరు లేదు. చప్పుడు రాకూడదు. దొంగతనం సినిమాలో తాళం తీసేవాడు కూడా ఇన్ని జాగ్రత్తలు తీసుకోడు.

చీరను తిరగేసి ఫాల్ చూశాను. ఫాల్ అంటే కుచ్చిళ్ళు నిలిచేందుకు చీర కింద అంచుకు లోపల కుట్టే గుడ్డపట్టీ. ఆ ఫాల్ చివర రెండు పసుపు ముడులు, ఒక ఆకుపచ్చ ముడి ఉన్నాయి. అవి నావే. పేర్లు రాయడం నాకు మొదటినుంచీ బద్ధకం కాబట్టి, ఒక్కో ఇంటికి ఒక్కో రకం దారం ముడులు వేస్తాను. రెండు పసుపు, ఒక ఆకుపచ్చ అంటే సాలూరు రోడ్డులోని పల్లెలో ఉండే పైడమ్మత్త.

పైడమ్మత్త మా చుట్టుపక్కల ఊళ్ళలో పెళ్లికూతుళ్ళకు చీర కట్టే మనిషి. డబ్బుకు కాదు, పేరుకు. తొమ్మిది గజాలైనా ఆరు గజాలైనా ఆవిడ చేతిలో పడితే పెళ్లికూతురు తలంబ్రాల దగ్గర ఎంత వంగినా కుచ్చిళ్ళు చెక్కుచెదరవు. పెళ్ళి జాకెట్లు చాలా వరకూ ఆవిడే నా దగ్గరకు పంపేది. ఒకసారి షాపులో వేలాడుతున్న రెడీ టు వేర్ చీరను చూసి, రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని, "ఇది సీరేటే మణీ? దిండు గలీబు. తలగడకి తొడుగు" అంది. అలాంటి మనిషి తన బరంపురం పట్టును నా కత్తెర కిందకు పంపుతుందా? ఏడాది బట్టి ఆవిడ బజారుకు రావడంలేదు. కూతురి దగ్గరకు విశాఖపట్నం వెళ్ళి వస్తుంటుందని ఎవరో అన్నారు. అత్త ఊళ్ళో లేనప్పుడు కోడలు పెట్టె తెరిచింది, అంతే. ఈ జ్యోతి కోడలేనని నాకు నేనే తీర్పు చెప్పేసుకున్నాను. కోర్టు లేదు, వకీలు లేదు, ఫ్యాను కింద ఐదు నిమిషాల్లో కేసు అయిపోయింది.

నా పుస్తకంలో పైడమ్మత్త నంబరు ఉంది. చేశాను. ఆవిడే ఎత్తింది.

"అత్తా, నేను మణిని. నీ వంగపండు బరంపురం పట్టు పెట్టెలో ఉన్నాదా?"

మాట ముద్దగా వచ్చింది. పగటి నిద్రలోంచి లేచిందనుకున్నాను. "ఉన్నాదే. ఉండక ఏటవుతాది?"

"ఏటీ నేదు. ఓపాలి సూసుకో అత్తా" అని పెట్టేశాను. ఆ సాయంత్రం టీలో పంచదార కాస్త ఎక్కువే వేసుకున్నాను. ఒక చీరను కాపాడానన్న గర్వం.

మర్నాడు పదిగంటలకు షాపు ముందు ఆటో ఆగింది. ముందు జ్యోతి దిగింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఆమె భుజం పట్టుకుని పైడమ్మత్త దిగింది. నైటీ మీద తువ్వాలు కప్పుకుంది. ఎడమకాలు ముందుకు వేసి, కుడికాలును వెనకనుంచి ఈడ్చుకొచ్చింది. కుడిచెయ్యి తువ్వాలు లోపల, పట్టుకోవడానికి ఏమీ లేనట్టు వేలాడుతోంది. పక్షవాతం. నాకు తెలియదు. ఎవరికీ తెలియనివ్వలేదు.

"సూసుకున్నానే మణీ" అంది స్టూలు మీద కూర్చుంటూ. "పెట్టెలో నేదు. నువ్వు పోలీసు ఉద్యోగంలో సేరిపోనావని నాకు తెలదు. ఏడాది బట్టి బయటికి రానేదు కదా."

నేను మిషను ఆపి లేచి నిలబడ్డాను.

"నిన్న దీన్ని దొంగన్నాను. ఈదిలో అందరూ ఇన్నారు. మా అబ్బాయి పెట్టె సర్దుకొని కన్నోరింటికి పొమ్మన్నాడు. అప్పటిదాకా నోరిప్పనేదు, రాత్రి నాకొక్కదానికే సెవిలో సెప్పినాది. దొంగని అనిపించుకుంది గాని, సెయ్యి పడిపోయిన అత్తకి కుట్టిస్తన్నానని మాత్రం ఈదిలో అన్నేదు."

జ్యోతి నేల చూస్తూ చెప్పింది. శుక్రవారం సాలూరులో పైడమ్మత్త తమ్ముడి మనవరాలి పెళ్ళి. మామ్మ వచ్చి పక్కన కూర్చోకపోతే నేను చీరే కట్టుకోనని పెళ్లికూతురు పట్టు పట్టింది. ఈవిడేమో నైటీలో పెళ్ళికి రానంటుంది. చీర కడతానంటే కోడల్ని ముట్టుకోనివ్వదు.

"అంతమంది పెళ్లికూతుళ్ళకి సీర కట్టిన దాన్ని. నాకొకరు కట్టడమేటి? కట్టించుకునేది పసిపిల్లా, పీనుగా. నేను రెండూ కాదు" అంది పైడమ్మత్త.

ముప్ఫై ఎనిమిది ఎవరిదో, ఎడమ వైపెందుకో, చప్పుడు ఎందుకు వద్దో అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. "తప్పయిపోనాది జ్యోతీ" అన్నాను. ఆమె తల ఊపింది. సరేననా, సరిపోదనా, ఇప్పటికీ తెలియదు.

పైడమ్మత్త మాత్రం ఇద్దర్నీ నమ్మలేదు. "మీరిద్దరూ నా మీద జాలి పడి నాటకం ఆడుతున్నారేటి?" అని ఒకరి తర్వాత ఒకరిని చూసింది. బల్ల మీది చీర చూసింది. ఇంకా కొయ్యలేదు కదా అని ఎడమచేత్తో గజం గజం తడిమి చూసుకుంది. నా కొలతల కాయితం తీసుకుని చదివింది. నవ్వింది. ఆ నవ్వుకు నాకు భయం వేసింది.

"ఎవుర్తే నీకు పని నేర్పినాది? ఈ అంటుకునే పట్టీ ఒక సేత్తో లాగి పట్టుకోవడమెలాగ, అంటించడమెలాగ? వెనకాల ఎలాస్టిక్ ఎయ్యి. లంగా లాగ పైకి లాక్కుంటాను. పమిటకేటి పెడతన్నావు?"

"భుజం దగ్గర ప్రెస్ బటను, అత్తా." ప్రెస్ బటనంటే టక్కున నొక్కితే పట్టుకునే ఇనుప గుండీ.

"ఏ సేత్తో నొక్కాల?"

నా ఎడమచెయ్యి ఎత్తి నా ఎడమ భుజం వెనక నొక్కబోయాను. వేళ్ళు అందాయి గాని బలం రాలేదు. పైడమ్మత్త వేడుక చూసినట్టు చూసింది.

"పమిట మడతల అడుగున ఒక పట్టీ కుట్టు. సంచీ తగిలించుకున్నట్టు ఎడమసెయ్యి దూరుస్తాను. పైకి అగుపడకూడదు."

పాతికేళ్ళ నా పనిలో ఆ ఉపాయం నాకు తట్టలేదు. కత్తెర తీశాను గాని ఎక్కడ పెట్టాలో తోచలేదు. ఆవిడే చీరలో ఒక చోట గోరుతో గీత గీసింది. కట్టినప్పుడు నడుము చుట్టూ లోపలికి పోయే భాగం, ఎవరికీ కనబడని చోటు.

"ఇక్కడ కొయ్యి. కుచ్చిళ్ళ మీద గాని కత్తెర పెట్టినావంటే నీ జుత్తు కత్తిరిస్తాను. ఎడమసేత్తో అయినా సరే."

కోశాను. ఆ చప్పుడుకు ఆవిడ కళ్ళు మూసుకుంది. జ్యోతి ముఖం పక్కకు తిప్పుకుంది.

గురువారం ట్రయల్. అంటే కుట్టింది తొడిగి చూసి లోపాలు దిద్దుకోవడం. నా షాపులో ట్రయల్ రూమంటే ఒక మూలకు కట్టిన పూల కర్టెను. పైడమ్మత్త అందులోకి వెళ్ళింది. ఒక్కతే. లోపల గోడకు చెయ్యి కొట్టుకున్న చప్పుడు. ఆయాసం. ఏదో జారి కింద పడింది. ఒక బూతు మాట. నేను లేచాను. జ్యోతి నా మణికట్టు పట్టుకుంది. ఆమె గోళ్ళు దిగబడ్డాయి.

"ఎల్లకక్కా. ఎల్తే ఇంక ఎప్పుడూ తొడుక్కోదు."

మిషను మీద చెయ్యి వేసి నిలబడ్డాను. రోడ్డు మీద రెండు లారీలు పోయాయి. ఎరువుల దుకాణంవాడు బస్తాలు దించుకున్నాడు. ఆ కర్టెన్ వెనక మనిషి ఇక రాదేమో అనిపించింది. ఓడిపోయి నైటీలోనే వస్తుందేమో అనిపించింది. అలా వస్తే ఏ జోకు వెయ్యాలో కూడా వెతుక్కున్నాను, దొరకలేదు.

కర్టెను కదిలింది. వంగపండు రంగు. కుచ్చిళ్ళు ఏడూ నేలకు తిన్నగా దిగి ఉన్నాయి. పమిట భుజం మీద కూర్చుంది, కొంగు వెనకనుంచి తిరిగొచ్చి చచ్చుబడిన చెయ్యిని కప్పింది. ముఖమంతా చెమట. అద్దంలో చూసుకుంది. కుచ్చిళ్ళు పట్టి గుంజింది, ఊడతాయేమోనని. పమిట లాగింది. వంగింది. ఏదీ కదల్లేదు. అయినా ముఖంలో అనుమానం పోలేదు.

"మీరిద్దరూ బాగున్నాదనే అంటారు. మీ మాట నాకక్కర్నేదు" అని గుమ్మం దిగి రోడ్డు మీదకు వెళ్ళింది. కాలు ఈడ్చుకుంటూ ఎరువుల దుకాణం దాటింది. సోడా బండి దాకా వెళ్ళి, అక్కడ ఇద్దరు ఆడవాళ్ళ పక్కన కాసేపు నిలబడింది. వెనక్కు వస్తూ సెల్‌ఫోన్ షాపువాణ్ణి టైమెంతని అడిగింది. వాడు తలెత్తకుండానే చెప్పాడు.

ఆవిడ వచ్చి స్టూలు మీద కూర్చుంది. ఊపిరి కూడదీసుకుంది. ఏడాదిలో మొదటిసారి, బహుశా, ఆ ముఖం విప్పారింది.

"ఎవులూ సూడనేదే జ్యోతీ. ఒక్కరూ నా యేపు సూడనేదు."

శుక్రవారం ఆవిడ సాలూరు వెళ్ళింది. పెళ్లికూతురికి చీర కట్టలేదు గాని, పక్కన కూర్చుని కట్టినవాళ్ళకు నాలుగు తిట్లు పెట్టిందట. కుచ్చిళ్ళు అందుకే కుదిరాయట.

ఈ కేసు నాకు ఏం నేర్పిందని ఎవరైనా అడిగితే, అనుమానపడొద్దని మాత్రం చెప్పను. పాత పట్టు మీద కత్తెర పెట్టేవాళ్ళు అనుమానపడాలి. కానీ ఆ అనుమానం ఎదురుగా ఉన్న మనిషినే అడగాలి, ఆ మనిషి వెనక ఫోన్ చెయ్యకూడదు. ఎడమవైపు, చప్పుడు లేకుండా, పెద్ద కొలత అని ఆ అమ్మాయి చెప్పిన ప్రతి మాటా ఒక ఒంటి గురించి చెప్తుంటే, నేను దొంగ గురించి విన్నాను. ఇప్పుడు రెడీ టు వేర్ చీర ఎవరు అడిగినా, నడుము కొలత కంటే ముందు ఒకటి అడుగుతాను: "తొడుక్కునే మనిషికి ఏ సెయ్యి ఆడతాది?" చాలామంది నవ్వుతారు. కొందరు నవ్వరు. ఆ కొందరి కోసం పమిట కింద పట్టీ కుడుతున్నాను. అది పైడమ్మత్త పట్టీ అని చెప్పే కుడుతున్నాను.

పెళ్ళయిన వారం వాళ్ళ వీధికి వెళ్ళాను. నాలుగు గుమ్మాల ముందు నిలబడి, జ్యోతి దొంగ కాదని, నేనే తొందరపడ్డానని చెప్పాను. అందరూ విన్నారు. తలలూపారు. పైడమ్మత్త ఇప్పటికీ నాకు పని పంపుతుంది, తిట్లు కూడా పంపుతుంది. జ్యోతి మాత్రం జాకెట్లు బొబ్బిలిలో కుట్టించుకుంటోంది. అంత దూరం ఎందుకు వెళ్తోందో నేను ఎవరినీ అడగలేదు.