అమ్మ మూర: జడపూల కోసం కోదాడ ప్రయాణం

మిర్యాలగూడలో మా అమ్మాయి పెళ్ళి. భార్య లేనివాణ్ణి కాబట్టి పీటల మీద మా బావమరిది, అమ్మాయికి అత్తమ్మ అయిన ఆయన భార్య కూర్చుంటారు. పెళ్ళీ వాళ్ళింట్లోనే. మా వైపు పెళ్ళికూతురి జడకు పూలు తల్లి మూరతో కొలిచి తెస్తారు. "అత్తమ్మ మూర వద్దు నాయినా, అమ్మ మూరనే కావాలె" అంది అమ్మాయి. తల్లి పోయి రెండేళ్ళు. పూలబుట్ట తీసుకొని బయలుదేరాను.

అల్లర్లు సద్దుమణిగి బస్సులు మళ్ళీ తిరుగుతున్నాయి. మా సూర్యాపేటలో తెల్లవారుజామున బొగ్గుతో నడిచే మొదటి బస్సు ఎక్కితే ఎండ ముదరకముందే కోదాడ చేరవచ్చు. కృష్ణా జిల్లా వైపు నుంచి మల్లెలు వచ్చేది అక్కడికే. మూర అణా, పెళ్ళిళ్ళ రోజుల్లో రెండణాలు. నైజాం హాలీ డబ్బు తీసుకుంటారు గానీ మొహం చిట్లిస్తారు.

పూలమ్మే ఆమె దండ చేతికి తీసుకొని నా వెనక చూసింది.

"ఆడోళ్ళు రాలేదా బాబుగారూ? మీ చేత్తో కొలిస్తే సాయంత్రానికి నా కొట్టు ఖాళీ."

"నా చెయ్యే. కానీ ఇక్కడిదాకానే" అని మధ్యవేలి మొదటి కణుపు చూపించాను.

"వేలొదిలేసి కొలుస్తారా ఎవరైనా! నాకు లాభమేలెండి. ఎవరిదీ కొలత?"

"అమ్మాయి వాళ్ళమ్మది. లేదు."

పెళ్ళైన కొత్తలో ఒక సాయంత్రం మా ఆవిడ మోచేతులు కలిపి తన చెయ్యి నా చేతికి ఆనించి చూసుకుంది. వేలికొన ఆ కణుపు దగ్గర ఆగింది. మూర చిన్నదైతే పూలు తక్కువొస్తాయని అలిగింది.

పూలామె నవ్వు ఆపేసింది. దండను నా మోచేతి నుంచి పరిచి, కణుపు మీద వేలితో నొక్కి పట్టింది. "ఇక్కడేనా? సరిగ్గా చూడండి. తెగితే అతకదు."

కణుపుకు పైనా, కిందా? కళ్ళు మూసుకున్నాను. "కొంచెం కిందికి." తెంపింది.

హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా మిర్యాలగూడకు మట్టిరోడ్డు. డ్రైవరు బుట్టను పైన వేస్తానన్నాడు. ఇవ్వలేదు.

"గట్ల ఒళ్ళో పెట్టుకున్నరు, పెండ్లికొడుకు మీరేనా సారూ?" అన్నాడు. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను.

పొద్దు వాలేటప్పటికి చేరాను. అమ్మాయి దండను రెండు చేతులా పట్టుకొని చూసింది. "గింతేనా ఉండె అమ్మ చెయ్యి?"

"అంతే."

వెనక్కి తిరిగి, జడ నాకే అందించింది. అత్తమ్మ పక్కకు జరిగింది.

ఆ కొలత సరైనదని చెప్పగలవాళ్ళు ఇప్పుడెవరూ లేరు. నేను సరేననుకున్నాను, అమ్మాయి నమ్మింది. ఏడాది ఆగి వెళ్ళి ఉంటే ఆ కణుపు గుర్తుండేదో లేదో.

ఈ దారిన పూలకు వెళ్ళేవాళ్ళు విచ్చని మొగ్గలే తీసుకోండి, తడిగుడ్డలో చుట్టండి. వీలైతే ఇంటావిడను వెంట తీసుకెళ్ళండి. ఆమె మూర కొలిచేటప్పుడు బేరంలో పడిపోకుండా ఆ చేతిని చూడండి.