పనిబల్లకు మెమో

1989 జూన్‌లో నన్ను మహబూబ్‌నగర్ జిల్లాలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రికి ఎలక్ట్రో మెడికల్ టెక్నీషియన్‌గా వేశారు. ఊరి పేరు చెప్పను. అచ్చంపేట వైపు అడవి అంచు పల్లెల నుంచి అక్కడికి కాన్పు కేసులు వచ్చేవి. మా ఉద్యోగం సంగతి చాలామందికి తెలియదు. ఈసీజీ యంత్రం, ఆపరేషన్ దీపం, కఫం లాగే సక్షన్ యంత్రం, నెలలు నిండకుండా పుట్టిన పిల్లలను వెచ్చగా ఉంచే వార్మర్, వీటన్నిటినీ నడిచే స్థితిలో ఉంచడం మా పని. హోదాలో ఫార్మసిస్టుకు కింద, ఆసుపత్రి ఎలక్ట్రీషియన్‌కు పైన. మర్యాదలో ఇద్దరికీ కింద.

నేను చేరిన రోజున ఆర్.ఎం.ఓ. గారు మరమ్మతు గది తలుపు స్వయంగా తీయించి చూపారు. ఆర్.ఎం.ఓ. అంటే భవనాలు, సామాను, సిబ్బంది హాజరు చూసుకునే డాక్టరు. ఈయన స్టెతస్కోపు వదిలేసి తాళం చెవుల గుత్తి పట్టి చాలా కాలమైంది. గదిలో విరిగిన మంచాలు, మధ్యలో నిగనిగలాడే ఇనుప టేబులు, దాని మీద దళసరి అద్దం. తనిఖీకి వచ్చే పెద్దలకు బాగా కనిపిస్తుందని తెప్పించారట. పైమూత విప్పిన యంత్రాన్ని ఇనుము మీద పెట్టి కరెంటు ఇవ్వకూడదు. అద్దం మీద పెడితే అది జారుతుంది. గోడకున్న ప్లగ్గులో మూడో రంధ్రానికి వెనక తీగే లేదు. ఆ రంధ్రం ఎర్తింగు కోసం, అంటే కారిపోయే కరెంటును మనిషి ఒంట్లోకి కాక భూమిలోకి పంపడం కోసం. ఈ ఆసుపత్రిలో అది గోడకు అందం కోసం ఉంది.

చెక్క పనిబల్ల ఒకటి, ఎర్తు తీగ ఒకటి కావాలని రాసి ఇచ్చాను. ఆర్.ఎం.ఓ. గారు చదివి, సామాను పట్టీలో బల్ల అన్న మాటే లేదని, టేబులు ఉందని, టేబులు ఇచ్చేశామని చెప్పారు. ఎర్తు గురించి అడిగితే ఇంతవరకు ఎవరూ చావలేదు కదా అన్నారు. ఆ మాట ఒక డాక్టరు నోటి నుంచి విన్నాను.

మా బాపు హుజూర్‌నగర్ దగ్గర వడ్రంగి. బండి చక్రాలు చేసేవాడు. నేను డిప్లొమాలో ఎలక్ట్రానిక్స్ చదివినా రంపం, ఉలి చేతికి కొత్త కాదు. నేను కిరాయికుండే ఇంటి యజమాని రజియా బేగం భర్త బతికుండగా కలప వ్యాపారం చేసేవారు. పెరట్లో రేకుల షెడ్డు, అందులో ఆయన వదిలిన టేకు, వేప పలకలు అలాగే ఉన్నాయి. అక్కడ బల్ల చేసుకోనా అని ఆమెను అడిగాను.

"జాగా ఖాళీనే ఉన్నది కదమ్మా, చేసుకో. రందా మాత్రం పగటి నిద్రప్పుడు గుంజకు" అంది. రందా అంటే చిత్రిక.

నేల మట్టంగా లేదు కనుక బల్లకు కాళ్లు ముందు బిగించి, పైపలక తర్వాత సరిచేశాను. ఎత్తు నా మోచేతికి కాస్త కింద. అంతకు తగ్గితే నడుము పోతుంది, పెరిగితే చెయ్యి వణుకుతుంది. ఒక చివర చెక్కపనికి, పలకను కదలకుండా బిగించే పట్టుగర్ర, రెండో చివర రబ్బరు పరుపు వేసి ఎలక్ట్రానిక్స్‌కు. రెండింటి మధ్య నిలువుగా పలక కొట్టాను, ఎందుకంటే రంపపు పొట్టు సర్క్యూట్‌లోకి దూరితే తేమ పట్టి కొత్త రోగాలు పుడతాయి. ప్లగ్గుకు వరసలో, అంటే సిరీస్‌లో, ఒక బల్బు కలిపాను. యంత్రంలో ఎక్కడైనా షార్టుంటే యంత్రం కాలదు, బల్బు వెలుగుతుంది. పెరట్లో గుంత తవ్వి, బొగ్గు, ఉప్పు పోసి, రాగి తీగ దింపాను. ప్రభుత్వం చేయించలేని ఎర్తింగు అదే. గడ్డపార ఉంటే ఒక ఆదివారం సరిపోయింది.

వానాకాలంలో వార్మర్ ఆగిపోయింది. స్టోర్స్ వాళ్లు దాన్ని వరండా మూలకు నెట్టి, కండెమ్ చేయడానికి, అంటే పనికిరాదని రాసి వదిలించుకోవడానికి, పైకి రాశారు. రాసిన కాగితం తిరిగి రావడానికి యేడాది పట్టొచ్చు. నెలలు నిండని పిల్లలు అంతకాలం ఆగి పుట్టరు. స్టాఫ్ నర్సు కరుణమ్మ వాళ్లను దూదిలో చుట్టి, వేడినీళ్ల సీసాల మధ్య పడుకోబెట్టేది. సీసా చల్లారిందో లేదో చూడటానికి వార్డు మొత్తానికి ఆమె ఒక్కతే. ఒక పిల్లవాడు ఆ సీసాల మధ్యే పోయాడు. ఆ మధ్యాహ్నం ఆమె నా గదికి వచ్చి నిలబడింది.

"మేడం, మీరు దాన్ని ఒక్కసారన్న ఇప్పి చూడున్రి. మొత్తం పోయిందని ఎవరు చూసి రాసిన్రు?"

ఎవరూ చూడలేదు. విప్పితే హీటరు బాగానే ఉంది. వేడిని నడిపే సర్క్యూట్ కార్డులో, హీటరును వేసి ఆపే రిలే కాళ్ల దగ్గర టంకం పగిలింది. పిల్లను పడుకోబెట్టే పలక తడికి ఉబ్బి, పొరలు విడిపోయింది. పిల్లల డాక్టరుకు చెప్పి, కార్డును, పలకను ఇంటికి తీసుకెళ్లాను. కార్డుకు టంకం కొత్తగా వేసి, రిలే మార్చాను. పలకను పాత టేకులో చేశాను, మేకు లేకుండా, అంచులు గుండ్రంగా తీసి. వార్మర్‌లో బిగించాక పిల్లకు బదులు నీళ్ల సీసా పెట్టి ఒక పగలంతా నడిపాం. కరుణమ్మ థర్మామీటరు చూస్తూ కూర్చుంది. వేడి నిలకడగా ఉందని డాక్టరు ఒప్పుకున్నాకే వార్డులోకి తోశాం.

మర్నాడే గొర్రెలు కాసుకునే కుటుంబంలోని ఒకామెకు ఏడో నెలలో ఆడపిల్ల పుట్టింది. పిల్లను వార్మర్‌లో పెట్టారు. ఆ పిల్ల అవ్వ పక్కనే కూర్చుని చూస్తూ, గీ పెట్టె మంచిగనే ఉన్నది కదా, గిన్ని దినాలు మూలకెందుకు వెట్టిన్రని కరుణమ్మను అడిగిందట. ఆ సంగతి ఆర్.ఎం.ఓ. గారిని అడగమని కరుణమ్మ చెప్పిందట.

ఆర్.ఎం.ఓ. గారి జవాబు నాకు వచ్చింది. మెమో రూపంలో. ప్రభుత్వ ఆస్తిని అనుమతి లేకుండా బయటికి తరలించి, ప్రైవేటు నివాసంలో ఉంచినందుకు సంజాయిషీ ఇవ్వాలి. కండెమ్‌కు రాసిన యంత్రం నడవడం ఆయనకు పెద్ద ఇబ్బంది. నడిస్తే, పనికిరాదని రాసిన కాగితం మీద సంతకం ఆయనది. నన్ను గదికి పిలిచి, కార్డు వెంటనే స్టోర్స్‌లో జమ చేయమన్నారు. నాది కొత్త ఉద్యోగం, ఇంకా పర్మనెంటు కాలేదు. అయినా అన్నాను.

"సార్, గా కార్డు ఇప్పుడు వార్మర్లనే ఉన్నది. తీసి జమ చెయ్యమంటే చేస్త. పిల్లను ఏం చెయ్యాల్నో గది గూడ రాసియ్యున్రి."

ఆయన రాయలేదు. నా మీద పైకి రాశారు. పిల్ల బరువు పెరిగి ఇంటికి వెళ్లిపోయిన తర్వాత హైదరాబాదు నుంచి ఒక డిప్యూటీ డైరెక్టర్ విచారణకు వచ్చారు. ఆయన వార్మర్ చూడలేదు. నేరస్థలం చూస్తానని మా షెడ్డుకు వచ్చారు. బల్ల చుట్టూ తిరిగి, వరస బల్బు వెలిగించి చూసి, చాలా బాగుందన్నారు. ఇలాంటిది ఆసుపత్రిలో ఉండాలన్నారు. నేను రాసిచ్చిన అర్జీలో సరిగ్గా అదే ఉంది. ఆ బల్లను ఆసుపత్రికి విరాళంగా ఇస్తే మెమో ఎత్తేస్తామని ఆర్.ఎం.ఓ. గారు మరుసటి రోజు కబురు పెట్టారు.

ఇస్తానన్నాను. ఆసుపత్రికి పనిబల్ల అంటూ ఒకటి వస్తుందన్న ఆశతోనే. రజియా బేగానికి చెబితే ఆమె తమలపాకు నములుతూ నా వైపు అదో రకంగా చూసింది.

"మెమో వాళ్లది, బల్ల నీది. గిదేం బేరమమ్మా?"

బల్లను ఆసుపత్రి వ్యానులో ఎక్కించుకుపోయారు. రిబ్బను కట్టి ఒక కార్యక్రమం పెట్టారు. సిబ్బందిలో చొరవను తాను ఎలా ప్రోత్సహిస్తున్నదీ ఆర్.ఎం.ఓ. గారు చాలాసేపు చెప్పారు. బల్లకు ఆకుపచ్చ రంగు పూసి నంబరు వేశారు. ఎర్తు తీగ లాగలేదు. నెల తిరగకుండా దాన్ని మరమ్మతు గదిలోంచి ఆఫీసు వరండాకు మార్చి, పైన మంచినీళ్ల కూలరు పెట్టారు. రబ్బరు పరుపు కూలరు కిందికి బాగా పనికొచ్చిందని అటెండరు నాతో చెప్పాడు.

మిగిలిన వేప పలకలతో నేను రెండో బల్ల చేశాను. ఈసారి నియమావళి తెరిచి చదివాను. బయటి మరమ్మతుకు పంపడమనే పద్ధతి ఒకటి ఉంది. దాని కింద యంత్ర భాగాలను గేట్ పాసుతో బయటి షాపుకు పంపవచ్చు. షాపు చిరునామా దగ్గర మా ఇంటి నంబరు రాసి పెట్టాను. ఆర్.ఎం.ఓ. గారు చదవకుండానే సంతకం చేశారు. ఆయన బదిలీ అయ్యేదాకా నా షెడ్డు కాగితాల మీద బయటి సంస్థగానే నడిచింది. వార్మర్ నేను అక్కడున్నంత కాలం పనిచేసింది. ఎర్తు లేని ఆ కూలరు నీళ్లు పట్టుకునేవాళ్లకు రెండుసార్లు షాకు కొట్టింది.

తర్వాత నల్గొండ జిల్లాలో పనిచేసినప్పుడు కొత్తగా చేరిన టెక్నీషియన్లు బల్ల గురించి అడిగేవారు. వాళ్లకు చెప్పింది ఇంతే. ముందు ఇంట్లో బల్ల చేసుకోండి, ఎర్తు మీరే తవ్వుకోండి, గేట్ పాసు లేకుండా స్క్రూ కూడా బయటికి తేకండి. ఆసుపత్రికి మీ పని ఇవ్వండి, జీతం దానికే. బల్లను మాత్రం ఎవరు మెచ్చుకుని అడిగినా ఇవ్వకండి.