మధ్యాహ్నాలు మాత్రమే చెడిపోయే డిస్కు

1990 మార్చిలో నన్ను నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలకు సర్వీస్ ఇంజనీరుగా వేశారు. మా కంపెనీ హైదరాబాదు నుంచి కంప్యూటర్లు అమ్మేది. అవి మొరాయించినప్పుడు బస్సెక్కి వెళ్లడం నా పని. నాకు మాటలు తక్కువ. యంత్రాలు కూడా అంతేనన్న నమ్మకంతో ఈ ఉద్యోగంలో చేరాను. వాటి చుట్టూ ఉండే మనుషుల సంగతి ఇంటర్వ్యూలో ఎవరూ చెప్పలేదు.

జూన్ మొదట్లో నల్లగొండలోని ఒక నూలు డిపో నుంచి ఫిర్యాదు వచ్చింది. చుట్టుపక్కల నేతవాళ్లకు నూలు ఇచ్చే చోటు అది. ఎవరికి ఎంత ఇచ్చారో ఏప్రిల్ నుంచి కంప్యూటర్‌లో ఎక్కిస్తున్నారు. ఆ లెక్కలన్నీ హార్డ్ డిస్కులో ఉంటాయి. మధ్యాహ్నమయ్యేసరికి డిస్కు టక్ టక్‌మని కొట్టుకుంటోందని, తెర మీద చదవలేనని రాస్తోందని ఫిర్యాదు.

బయలుదేరే ముందు మా సీనియర్ రిపోర్టు ఫారం ఇచ్చారు. అందులో కారణం కింద రెండే గడులు: పరికర దోషం, వాడకందారు దోషం. మొదటిదైతే కంపెనీ కొత్త డిస్కు ఇవ్వాలి. వీలైనంతవరకు రెండోదాని వైపు చూడమన్నారు.

డిపో మేనేజరు నర్సింహారెడ్డి గారు ఆ శ్రమ కూడా నాకు లేకుండా చేశారు. "మేడం, డిస్కుల ఏం లేదు. గీ పిల్ల చెయ్యి బరువు. కీలు కొడ్తదా, కారం దంచుతదా తెలుస్తలేదు" అన్నారు. ఆ పిల్ల ఆపరేటర్ ఫర్జానా. మే నెలలో చేరింది. అంతకుముందు హెడ్ క్లర్కు రెండు వేళ్లతో ఎక్కించినంతకాలం డిస్కు బుద్ధిగానే ఉందట. ఫర్జానాను తీసేసే ఉత్తర్వు అప్పటికే తయారైంది. కంప్యూటర్‌ను నమ్మలేక టైప్ మిషన్ మీద కొట్టించారు. నా రిపోర్టు వస్తే సంతకం పెట్టడమే తరువాయి.

మేనేజరు గారు బయటికి వెళ్లాక ఫర్జానా మెల్లగా నోరు విప్పింది. "అక్కా, నేను గట్టిగ కొడ్తనే లేను. మా అమ్మీ అయితే నీ చేతుల బలమే లేదు, రొట్టె సుత మందంగ చేస్తవని తిడ్తది. ఇంట్ల బలం లేదంటరు, ఈడ బరువంటరు. నేనేం జెయ్యాలె?" కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

డిస్కును అనుమానించినప్పుడు మొదట దాన్ని పరీక్షించకూడదు, దానిలో ఉన్నది కాపాడాలి. ఫ్లాపీల మీదికి లెక్కలన్నీ ఎక్కించాను. ఒక్క తప్పూ రాలేదు. తరువాత డిస్కును ఈ చివర నుంచి ఆ చివర దాకా చదివించే పరీక్ష నడిపాను. అదీ శుభ్రంగా వచ్చింది. లోపం కనబడలేదని రాసి మధ్యాహ్నం బస్సు అందుకోవచ్చు. ఆ మాటే చెబితే మేనేజరు గారు, "మీరు పోయినంక చూడున్రి దాని తమాషా" అన్నారు. అందుకని ఉండిపోయాను.

భోజనాలయ్యాక ఆయన ఫైళ్లతో కంప్యూటర్ గదిలోకి వచ్చి ఏసీ వేశారు. ఆఫీసంతటికీ అదొక్కటే ఏసీ. కంప్యూటర్ పేరున మంజూరైంది కాబట్టి ఆయన రోజూ మధ్యాహ్నం కంప్యూటర్‌కు తోడుగా కూర్చునేవారు. ఆయన లేనప్పుడు ఏసీ వేసే అధికారం ఎవరికీ లేదు. ఫర్జానా గోదాములో ఉంది. కీలు నేనే కొడుతున్నాను. గంట గడిచాక డిస్కు టక్ టక్‌మంది. పరీక్షలో వరసగా తప్పులు.

"ఇప్పుడు కొట్టింది నేను సార్" అన్నాను.

"మీ చెయ్యి గూడ బరువేనా?" అన్నారు.

ఆ ఏసీ ఎప్పుడు పెట్టారని అడిగాను. మేలోనేనట, ఫర్జానా చేరిన వారమే. ఆ గదిలోకి ఒకే వారం రెండు కొత్తగా వచ్చాయి. అందరికీ కనబడింది ఒక్కటే.

ఆనాటి చిన్న డిస్కులలో లోపల తిరిగే పళ్లేల మీద కంటికి కనబడని గీతలుంటాయి. చదివే ముల్లును ఒక మోటారు మెట్టు మెట్టుగా గీత మీదికి జరుపుతుంది. గీత నిజంగా అక్కడుందో లేదో అది చూసుకోదు. మా వాళ్లు ఏప్రిల్ ఎండలో, ఉడికిపోయే గదిలో ఆ గీతలు గీసి వెళ్లారు. చల్లబడితే లోహం వెంట్రుకవాసి ముడుచుకుంటుంది, ముల్లు పక్కన పడుతుంది. పొద్దున్న గది వేడిగానే ఉంటుంది కాబట్టి అంతా బాగుంటుంది.

రుజువు కావాలంటే ఏసీ ఆపాలి. ఆ మాటే అన్నాను. నర్సింహారెడ్డి గారు, "కంప్యూటర్‌కు చల్లగుండాలె అని జెప్పింది మీ కంపెనీవాళ్లే కద?" అన్నారు. నిజమే. అయినా ఆపారు. ఇద్దరం చెమటలు కక్కుతూ కూర్చున్నాం. గది మళ్లీ వేడెక్కాక పరీక్ష ఒక్క తప్పూ లేకుండా ముగిసింది.

మర్నాడు గదిని బాగా చల్లబరిచి, డిస్కు మీద గీతలు కొత్తగా గీసి, లెక్కలు తిరిగి ఎక్కించాను. ఇకపై కంప్యూటర్ వేయడానికి గంట ముందే ఏసీ వేయాలని చెప్పాను. పొద్దున్నే వచ్చేది ఫర్జానా కాబట్టి ఆ బాధ్యత ఆమెదే అయింది.

"అంటె నాకన్న ముందు గీమెకు చల్లగాలి" అన్నారు నర్సింహారెడ్డి గారు.

ఫర్జానా తల వంచుకునే, "స్వెట్టర్ తెచ్చుకుంట సార్" అంది.

రిపోర్టులో రెండు గడులనూ కొట్టేసి, మా వాళ్లు డిస్కు మీద గీతలు గీసినప్పటి వేడి ఒకటి, అది పనిచేసే వేడి ఒకటి అని పక్కన రాశాను. ఫారంలో లేని కారణం రాసినందుకు సీనియర్ సంజాయిషీ అడిగారు. ఇచ్చాను. నర్సింహారెడ్డి గారు ఆ రిపోర్టు మీద సంతకం పెట్టి, టైపు కొట్టించిన ఉత్తర్వును చింపేశారు.

ఆ తరువాత రిటైరయ్యేదాకా ఎన్నో ఆఫీసులకు వెళ్లాను. కొత్తగా చేరినవాళ్ల గురించి ఎక్కడైనా ఏదో ఒకటి చెప్పేవారు. అది విని, గదిలోకి కొత్తగా వచ్చిన వస్తువులేమిటని అడిగేదాన్ని.